పొయ్యి కదిలిన ఇల్లు

బిస్కెట్ డబ్బాల మూతల మీదికి, కేలండర్ల మీదికి, పోస్ట్‌కార్డుల మీదికి ఇది ఎక్కినన్ని సార్లు ఇంగ్లండ్‌లో మరో పల్లెటూరి ఇల్లు ఎక్కి ఉండదు. మందంగా పరుచుకున్న గడ్డి కప్పు. దాన్ని చీల్చుకుని తొంగిచూసే చిన్న చిన్న కిటికీలు. నల్లటి కర్రల చట్రం మధ్య తెల్లటి గోడలు, ముందు విరగబూసిన తోట. విలియం షేక్‌స్పియర్ భార్య యాన్ హాథవే పుట్టిల్లు ఇది. వార్విక్‌షైర్‌లో, స్ట్రాట్‌ఫర్డ్-అపాన్-ఏవన్ ఊరికి మైలు దూరంలో, షాటరీ అనే పల్లెలో ఉంది. దీని మీద మోజుతో అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో, వెసింగ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో, 1932లో ఇలాంటిదే ఇంకో గడ్డి కప్పు ఇల్లు కట్టుకున్నారు కూడా.

చూడవచ్చేవాళ్లలో చాలామంది ప్రేమకథ కోసం వస్తారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, ఇరవై ఆరేళ్ల పడుచు, మధ్యలో మైలు దూరం పొలాలు. 1582 నవంబరు 28న పెళ్లి కోసం రాసిచ్చిన 40 పౌండ్ల పూచీకత్తు పత్రం, మరుసటి ఏడాది మే 26న పెద్ద కూతురు సుజానాకు బాప్తిస్మం. ఈ రెండు తేదీల మధ్య నిండా ఆరు నెలలు కూడా లేవు. మిగతాది ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకుంటారు. ఊహించుకోనివ్వండి. ఊహతో పనిలేకుండా కళ్లకు కనిపించే కథ ఇంకొకటి ఈ ఇంట్లోనే ఉంది. ఒక రైతు ఇల్లు వందల ఏళ్లలో ఎలా పెరిగింది, నట్టింట్లో ఉన్న పొయ్యి పక్కకు జరిగితే ఏమేం మారిపోయాయి అన్న కథ. నా మటుకు నాకు ఆ ప్రేమకథ కంటే ఇదే రుచి.

కాపు ఇల్లు

బోర్డు మీద ‘కాటేజ్’ అని రాసి ఉంటుంది గానీ ఇది కూలిచేసుకునే వాళ్ల గుడిసె కాదు. హాథవేల కాలంలో దీన్ని హ్యూలండ్స్ ఫామ్ అనేవారు. 90 ఎకరాల పైచిలుకు కమతం. ముఖ్యంగా గొర్రెల పెంపకం. యాన్ తాత జాన్ హాథవే 1543 నాటికే ఇక్కడ కౌలుదారు. తండ్రి రిచర్డ్‌కు రెండు పెళ్లిళ్లు, ఇంటినిండా పిల్లలు. ఆయన 1581 సెప్టెంబరులో వీలునామా రాయించి కొద్ది రోజులకే పోయాడు. పెద్ద కూతురికి పెళ్లి రోజున ఇవ్వమని పది మార్కులు, అంటే 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు, విడిగా పెట్టాడు. ఆ వీలునామాలో ఆమె పేరు యాగ్నెస్ అని ఉంది. ఆ రోజుల్లో యాన్ అన్నా యాగ్నెస్ అన్నా ఒకటే పలుకుబడి. మ్యాగీ ఓఫారెల్ 2020లో రాసిన ‘హామ్నెట్’ నవలలో, దాని మీద 2025లో వచ్చిన సినిమాలో ఆమె యాగ్నెస్‌గానే కనిపించేది అందుకే.

ఆ వీలునామా కాగితంలో ఇంకో పేరు ఉంది, నవలల్లోకి అంతగా ఎక్కని పేరు. థామస్ విటింగ్టన్, ఆ ఇంటి గొర్రెల కాపరి. యజమాని ఇతనికి తాను బాకీ ఉన్న 4 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలను వీలునామాలో గుర్తుపెట్టుకుని రాయించాడు. ఇరవై ఏళ్ల తర్వాత 1601లో ఆ కాపరి చనిపోతూ తనూ వీలునామా రాశాడు. షేక్‌స్పియర్ గారి భార్య యాన్ దగ్గర తనవి 40 షిల్లింగులు ఉన్నాయని, వాటిని స్ట్రాట్‌ఫర్డ్‌లోని బీదలకు పంచమని అందులో ఉంది. పెళ్లయి వెళ్లిపోయిన ఆడపడుచు దగ్గర పుట్టింటి జీతగాడి డబ్బు ఉండటం! యాన్ గురించి మిగిలిన కాగితాలు గుప్పెడే. వాటిలో ఆమెను మనిషిగా దగ్గరగా చూపించేది నా దృష్టిలో ఇదే.

కాపరి ఉన్నాడంటే ఈ ఇంటి ముందు గొర్రెలుండేవి, పందులుండేవి, పేడ కుప్పలుండేవి. ఇప్పుడు ఫొటోల్లో కనిపించే గులాబీల వరసలు, హాలీహాక్ మొక్కలు షేక్‌స్పియర్ చూసినవి కావు. అప్పటి రైతు ఇంటి ముందు జాగా అంటే పశువుల దొడ్డి. ఈ పూలతోటకు రూపం ఇచ్చింది 1920ల్లో ఎలెన్ విల్మాట్ అనే పేరుమోసిన ఉద్యానవన నిపుణురాలు. ‘పాత ఇంగ్లండ్’ అని మనం మురిసిపోయే దృశ్యంలో సగం మన ముత్తాతల కాలంలో అమర్చింది. గోడల మీద కర్రలకు నల్లరంగు పూయడం కూడా ఇంగ్లండ్‌లో చాలాచోట్ల 19వ శతాబ్దపు సోకే. ఓక్ కర్రను దాని మానాన వదిలేస్తే ఎండకు వానకు వెండిరంగు బూడిద వర్ణంలోకి తిరుగుతుంది.

రెండుగా చీల్చిన చెట్టు

ఇంట్లో అన్నిటికంటే పాతది 1463 నాటి భాగం. ఆ ఏడు ఎలా తెలిసిందంటే చెట్టు చెప్పింది. ఓక్ చెట్టు ఏటా ఒక వలయం వేసుకుంటుంది. వానలు బాగా పడిన ఏడు వలయం వెడల్పు, కరువు ఏడు సన్నం. ఆ సన్నం లావుల వరసను తేదీలు తెలిసిన పాత కర్రల వరసలతో పోల్చి, చివరి వలయం ఏ ఏటిదో పట్టుకుంటారు. బెరడు అంచు మిగిలి ఉంటే చెట్టును కొట్టిన ఋతువు కూడా తెలుస్తుంది. కొట్టిన చెట్టును అప్పటి వడ్రంగులు ఎండబెట్టేవాళ్లు కాదు. పచ్చి ఓక్ మెత్తగా తెగుతుంది, ఎండితే ఇనుములా తయారై పనిముట్టును తినేస్తుంది. అందుకే పచ్చిగా ఉండగానే తొలిచి, మేకులు లేకుండా చెక్క సీలలు కొట్టి నిలబెట్టేసేవారు. కర్ర గోడలో ఉండి ఎండేది. ఎండుతూ మెలితిరిగి అతుకుల్ని ఇంకా బిగించేది. పాత ఇంగ్లిష్ ఇళ్లలో వంకరపోయిన కర్రలు చూసి ఇల్లు కుంగిందేమోనని భయపడతాం గానీ, చాలా వంకర్లు కట్టిన మొదటి కొన్నేళ్లలోనే వచ్చినవి.

ఆ 1463 నాటి ఇంటి నిర్మాణంలో గుట్టంతా ‘క్రక్’ అనే జంట దుంగల్లో ఉంది. సహజంగా వంపు తిరిగిన ఓక్ మానును చూసుకుని నిలువునా రెండుగా చీలుస్తారు. అప్పుడు అచ్చం ఒకేలాంటి రెండు వంపు దుంగలు వస్తాయి. వాటిని ఎదురెదురుగా నేల దగ్గర నుంచి లేపి, పైన కొప్పు దగ్గర ఒకదానికొకటి ఆనిస్తారు. మధ్యలో అడ్డ దూలం. ఇంగ్లిష్ ‘ఏ’ అక్షరం రూపం అన్నమాట. అలాంటి జోడీలు కొన్ని అడుగుల ఎడంగా వరసగా నిలబెడితే ఇంటి అస్థిపంజరం తయారు. కప్పు బరువంతా ఆ దుంగల మీదుగా నేరుగా నేలకు దిగిపోతుంది. గోడలు మోయవలసింది ఏమీ లేదు, గాలీ వానా ఆపితే చాలు. అందుకే గోడలు కొయ్య చట్రం మధ్య అల్లిన తడికలు, వాటి మీద మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తిన పూత. తడిక గోడ మెత్తడం తెలిసిన మనవాళ్లకు ఆ పని ఎవరూ నేర్పనక్కర్లేదు. తేమ పైకెక్కకుండా అడుగున రాతి వరస.

ఈ క్రక్ ఇళ్లు ఇంగ్లండ్ పడమటన, ఉత్తరాన, నడిమి జిల్లాల్లో వేల సంఖ్యలో నమోదయ్యాయి. తూర్పు, ఆగ్నేయ జిల్లాల్లో దాదాపు కనిపించవు. ఎందుకో పండితులు తరతరాలుగా వాదించుకుంటున్నారు. చెట్ల రకమా, వడ్రంగుల సంప్రదాయమా, భూస్వాముల ఇష్టాయిష్టాలా, ఏదీ పూర్తిగా తేలలేదు.

షాటరీ ఇంట్లో మేడ గదిలోకి ఎక్కితే ఆ దుంగలు నేలలోంచి పుట్టుకొచ్చి, గోడ వెంట ఒంగుతూ, తల మీదుగా కప్పులోకి వెళ్లిపోతాయి. గొడ్డలితో, బాడిసెతో చెక్కిన కర్ర. ఒక అంచున చెట్టు గుండ్రదనం అలాగే ఉండిపోతుంది, చదును చేయడానికి ఎవరూ శ్రమపడలేదు. పొడుగు మనిషైతే చూసుకుని నడవాలి. ఆ దుంగలు పడకగది కోసం పెట్టినవి కావు మరి. అక్కడ అసలు అంతస్తే ఉండేది కాదు.

పొగ ఉన్న కాలం

1463లో ఇది ఒంటి అంతస్తు ఇల్లు. లోపలికి రాగానే అడ్డంగా ఒక నడవ, దానికి ఒకవైపు హాలు, మరోవైపు ఇప్పుడు వంటిల్లుగా చూపించే గది. హాలు అంటే నేటి డ్రాయింగ్ రూము కాదు. ఇంటిల్లిపాదీ, పనివాళ్లతో సహా, తినేది, వండేది, చలికాచుకునేది, చాలామంది పడుకునేది అక్కడే. నేల నుంచి గడ్డి కప్పు దాకా మధ్యలో అడ్డేమీ లేదు. నేల మీద, గది నడుమ, నెగడు. చిమ్నీ లేదు. పొగ పైకి లేచి, కప్పు కింద కమ్ముకుని, గడ్డిలోంచి, సందుల్లోంచి తీరిగ్గా పోయేది. కిటికీలకు అద్దాలు లేవు. నిలువు కర్ర ఊచలు, రాత్రి పూట చెక్క తలుపులు. అద్దం పెద్దింటి వస్తువు.

మనకు ఊపిరాడదేమో అనిపిస్తుంది. కానీ ఆ పొగకు కొన్ని సుగుణాలుండేవి. కర్రకు పురుగు పట్టనిచ్చేది కాదు. గడ్డిని లోపలి వైపు పొడిగా ఉంచేది. దూలాలకు వేలాడదీసిన పంది మాంసాన్ని నెలల తరబడి నిలవ ఉంచేది. నిప్పురవ్వ ఎగిరినా అంత ఎత్తున ఉన్న కప్పును చేరేలోపే ఆరిపోయేది.

ఎసెక్స్‌లోని రాడ్వింటర్ గ్రామంలో విలియం హారిసన్ అనే మతగురువు ఉండేవాడు. తన కాలపు ఇంగ్లండ్ ఎలా ఉందో 1577లో ఒక గ్రంథం రాశాడు. హాలిన్‌షెడ్ చరిత్ర సంపుటాల్లో భాగంగా వచ్చిందది. షేక్‌స్పియర్ తన చారిత్రక నాటకాలకు ముడిసరుకు తెచ్చుకున్నది ఆ సంపుటాల్లోంచే. తమ జీవితకాలంలో మూడు సంగతులు మారిపోయాయని ఊళ్లో ముసలివాళ్లు చెప్పారట: ఎటు చూసినా చిమ్నీలు లేచాయి, గడ్డి చాపల మీద, కర్ర దుంగ తలగడ మీద పడుకున్నవాళ్లకు పరుపులూ దిళ్లూ వచ్చాయి, చెక్క పళ్లేలు పోయి లోహపు పళ్లేలు దిగాయి. హారిసన్‌కు ఇదంతా అంత నచ్చినట్టు లేదు. పొగ ఇంటి కర్రలకు గట్టిదనం ఇస్తుందని, ఇంటి యజమానికి రోగాలు రానీయదని పాతవాళ్లు నమ్మేవారని, చిమ్నీలొచ్చాక జలుబులూ తలనొప్పులూ పెరిగాయని సణిగాడు. ఏ కాలంలోనైనా కొత్త వంటింటి మీద పాత తరం అనే మాటలే.

చిమ్నీలు ఒక్కసారిగా ఎందుకు లేచాయి? ఆ శతాబ్దంలో ధరలు మండిపోయాయి. ధాన్యం, ఉన్ని అమ్ముకునే రైతుకు చేతినిండా డబ్బు. పాత ఒప్పందాల ప్రకారం ఎప్పుడో నిర్ణయమైన కౌలు మాత్రం అక్కడే ఉండిపోయింది. మిగిలిన తేడాను మధ్యతరగతి రైతులు ఇళ్ల మీద పెట్టారు. ఇటుక కూడా సామాన్యుడి అందుబాటులోకి వచ్చింది. చరిత్రకారుడు డబ్ల్యూ.జి. హాస్కిన్స్ 1953లో రాసిన వ్యాసంలో 1570 నుంచి 1640 దాకా పల్లె ఇంగ్లండ్ మొత్తం తిరిగి కట్టుకుందని వాదించాడు. అన్ని జిల్లాలకూ ఒకే కాలం వర్తించదని తర్వాతివాళ్లు సవరించారు. అయినా ఆ పాత వ్యాసంలోని ముఖ్యమైన గమనిక చెక్కుచెదరలేదు: పల్లె ఇంటిని మార్చింది రాజులు కాదు, శిల్పులు కాదు, నాలుగు డబ్బులు వెనకేసిన రైతులు.

హాథవేలు కూడా 16వ శతాబ్దంలో ఆ దారే పట్టారు. హాలు నడుమ నెగడు పోయింది. దాని స్థానంలో మనిషి లోపలికి నడిచి వెళ్లగలిగినంత వెడల్పు పొయ్యి, దాని మీద లావుపాటి ఓక్ దూలం, ఆ పైన ఇటుకలతో కట్టిన చిమ్నీ. వంటింట్లో మరో పొయ్యి, పక్కనే రొట్టెలు కాల్చే బట్టీ. పొగకు సొంత దారి దొరికింది కాబట్టి హాలులో పైనున్న ఖాళీ చోటు దండగ కాకుండా మిగిలింది. అక్కడ అడ్డంగా దూలాలు పరిచి బల్లలు కొట్టారు. ఒంటి అంతస్తు ఇల్లు అలా రెండంతస్తులైంది. కింద అందరూ కూర్చునే గది, పైన పడకగదులు. యజమాని, భార్య, పిల్లలు, పనివాళ్లు ఒకే పొగ కింద బతికిన ఇంట్లో మొదటిసారి ‘తలుపు వేసుకోవడం’ అనేది సాధ్యమైంది. ఇంగ్లిష్ వాళ్లు గొప్పగా చెప్పుకునే ఏకాంతం పుట్టింది చిమ్నీ వెనకే అంటే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు బయటికొచ్చి కప్పు చూడండి. పై కిటికీలు గడ్డిని చీల్చుకుని ఎందుకు తొంగిచూస్తున్నాయో అర్థమవుతుంది. అందం కోసం కాదు. గోడలు ఒంటి అంతస్తుకు కట్టినవి, పొట్టివి. పైగది పూర్తిగా కప్పు లోపలే ఉంది. వెలుతురు కావాలంటే గడ్డిని కోయక తప్పదు. కోసిన చోట గడ్డిని కిటికీ తల మీదుగా వంపుగా మలిచారు. ఫొటోలు తీసుకునేవాళ్లందరికీ నచ్చే ఆ వంపు, పాత ఇంటిని పడగొట్టకుండా కొత్త అంతస్తు ఇరికించిన రైతు పొదుపరితనం.

పొడవు పెరిగిన ఇల్లు

యాన్ సోదరుడు బార్తలోమ్యూ 1610లో ఈ ఆస్తిని కొనేశాడు. మూడు తరాల కౌలుదారీ తర్వాత సొంతదారు. ఆ శతాబ్దంలోనే ఇంటికి వాలు మీద పైవైపున ఇంకో భాగం జోడించారు. అది పాత భాగం కంటే ఎత్తుగా ఉంటుంది. అక్కడ వంపు దుంగలు లేవు. నిలువు, అడ్డ కర్రలు గళ్లు గళ్లుగా బిగించిన పెట్టె చట్రం. అలాంటి వంపు చెట్లు వెతకడం, చీల్చడం మానేసి తిన్నటి కర్రలతో పని కానిచ్చే కాలం వచ్చింది. ఒకే కప్పు కింద రెండు కాలాల వడ్రంగం ఉన్నందువల్లే ఈ ఇల్లు చదువుకునేవాళ్లకు పాఠంలా పనికొస్తుంది.

చిమ్నీని మళ్లీ కట్టించింది జాన్ హాథవే అనే వారసుడు. దాని మీద ‘ఐ.హెచ్. 1697’ అని చెక్కించాడు. అప్పట్లో పెద్దక్షరాల్లో ‘జె’కి బదులు ‘ఐ’ రాసేవారు. ఇంట్లో ఇంత ఉండగా ఆయన తన పేరు పెట్టుకోవాలనుకున్నది చిమ్నీ మీద. ఊరంతటికీ కనపడేది అదే కదా.

తర్వాతి కథ దిగుడు మెట్లు. 18వ శతాబ్దం మధ్యకు మగ సంతతి ఆగి ఆస్తి ఆడపిల్లల వైపు వెళ్లింది. ఇంటిని వాటాలు వేసి వేరువేరు కాపురాలు పెట్టారు. 1838లో అప్పుల ఒత్తిడికి అమ్మేసి, అమ్మిన ఇంట్లోనే అద్దెకుండిపోయారు. ఓడలు బళ్లవడం అంటే అదే. కానీ ఆ ఇబ్బందే ఇంటిని కాపాడింది. డబ్బుంటే 19వ శతాబ్దంలో ఏ వారసుడైనా దీన్ని పడగొట్టి ఎర్ర ఇటుకల మేడ కట్టేసేవాడు.

యాత్రికుల రాక అప్పటికే మొదలైంది. శామ్యూల్ ఐర్లండ్ అనే చిత్రకారుడు 1790ల్లో వచ్చి, షేక్‌స్పియర్ యాన్‌తో కబుర్లాడుతూ కూర్చున్న కుర్చీ అని చెప్పి అమ్మితే కొనుక్కుని వెళ్లాడు. 1795లో ఆయన వేసిన పుస్తకంతో ఈ ఇంటి బొమ్మ లోకానికి తెలిసింది. తమాషా ఏమిటంటే ఆ ఐర్లండ్ గారి కొడుకే షేక్‌స్పియర్ చేతిరాత అంటూ దొంగ కాగితాలు పుట్టించి, ఏకంగా ఒక దొంగ నాటకాన్ని 1796లో డ్రూరీ లేన్ థియేటర్‌లో ఆడించి అభాసుపాలైనవాడు. తండ్రి కుర్చీని నమ్మాడు, కొడుకు తండ్రి నమ్మకాన్ని వాడుకున్నాడు.

షేక్‌స్పియర్ బర్త్‌ప్లేస్ ట్రస్ట్ 1892లో 3,000 పౌండ్లకు ఇంటిని, సామానుతో సహా కొన్నది. హాథవేల వంశంలో మిగిలిన మేరీ బేకర్ అనే పెద్దావిడ అప్పటికి ఆ ఇంట్లోనే ఉంటోంది. ట్రస్ట్ ఆమెను కదిలించలేదు, సంరక్షకురాలిగా పెట్టుకుంది. 1899లో పోయేదాకా వచ్చినవాళ్లకు కుటుంబ బైబిలు చూపిస్తూ ఆవిడ అక్కడే ఉంది. ఇప్పుడు 12 గదుల ఈ ఇల్లు అత్యున్నతమైన గ్రేడ్-1 రక్షిత కట్టడం.

కప్పే పాతది, కప్పే కొత్తది

ఇంట్లో కర్రకు 560 ఏళ్లు దాటాయి. తల మీద గడ్డికి మాత్రం ఒక మనిషి వయసు కూడా ఉండదు. గడ్డి కప్పు అంటే ఎప్పటికప్పుడు మారుతూ ఎప్పటిలాగే కనిపించే వస్తువు. ఇంగ్లండ్‌లో నేటికీ సుమారు 60 వేల గడ్డి కప్పుల ఇళ్లున్నాయని అంచనా. వాటిని కప్పే పనివాళ్లు కులవృత్తి లాగా కాకపోయినా గురుశిష్య వరసలో పని నేర్చుకుంటారు.

వాడేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి, నూర్చిన పొడుగు గోధుమ గడ్డి. ఇది పాతికేళ్ల లోపు మార్చాలి, తొందరగా పోతే పదిహేనేళ్లే. రెండోది కూడా గోధుమ గడ్డే. కాకపోతే యంత్రంతో దువ్వి, మొదళ్లన్నీ ఒకే వైపు ఉండేలా కట్టలు కడతారు, ఇది పాతిక నుంచి ముప్పైఅయిదేళ్లు. మూడోది నీటి రెల్లు, నార్ఫోక్ చిత్తడి నేలల్లో పెరిగేది. నలభై, యాభై ఏళ్లు ఆగుతుంది. మన కొల్లేరులో మనిషెత్తు దాటి పెరిగే కిక్కిస దీనికి సొంత చెల్లెలు, రెండూ ఫ్రాగ్‌మైటిస్ జాతి మొక్కలే.

పని చూరు నుంచి మొదలవుతుంది. పనివాడు పొడుగు గడ్డిని తడిపి, చేతులతో దువ్వి లాగి, పనలుగా సర్దుకుంటాడు. ఒక్కో పనను చూరు మీద పరుస్తూ పైకి పోతాడు. పై వరస కింది వరస బంధాన్ని కప్పేయాలి, ఒక్క ముడి కూడా వానకు కనపడకూడదు. బిగింపుకు హేజెల్ చెట్టు కొమ్మలు. వాటిని చీల్చి, రెండు కొసలు కత్తితో చెక్కి, మధ్యలో మెలితిప్పి హెయిర్‌పిన్‌లా వంచుతాడు. మెలితిప్పడంలోనే ఉంది నేర్పు. ఊరికే వంచితే పుటుక్కున విరుగుతుంది, తిప్పుతూ వంచితే పీచు తెగదు. దాన్ని గడ్డిలోకి కాస్త ఎగువకు వాలుగా గుచ్చుతాడు, వాన నీరు దాని వెంట లోపలికి జారకుండా. రెల్లు అయితే గాళ్లు కోసిన బల్లలాంటి పనిముట్టుతో మొదళ్లను కింద నుంచి పైకి కొట్టి సాపు చేస్తాడు. అందుకే రెల్లు కప్పు దువ్వినట్టు నున్నగా, అంచులు పదునుగా ఉంటుంది. పొడుగు గోధుమ గడ్డి కప్పు మెత్తగా, కాస్త చింపిరిగా ఉంటుంది.

వాలు కనీసం 45 డిగ్రీలుండాలి, 50 అయితే మేలు. అంత నిట్రంగా ఉంటే వాన చుక్క ఒక గడ్డిపోచ కొస నుంచి ఇంకో పోచ కొసకు జారుతూ చూరు చేరుతుంది. అడుగు మందం పైన ఉండే కప్పులో తడి చేరేది పైపై అంగుళం లోతుకే. గొట్టాలు, దోనెలు ఉండవు. నీరు గోడకు దూరంగా పడేలా చూరే బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. కొప్పు మీద గడ్డిని మాత్రం పది, పదిహేనేళ్లకోసారి మార్చాల్సిందే.

ఇక్కడే ఇంకో వింత. మార్చేటప్పుడు పాత గడ్డినంతా పీకెయ్యరు. చివికిన పై పొరను తీసేసి, గట్టిగా ఉన్న అడుగు పొర మీద కొత్తది గుచ్చుతారు. అందువల్ల కొన్ని కప్పుల్లో, ముఖ్యంగా డెవన్‌లో, అట్టడుగు పొర చిమ్నీ లేని రోజుల నాటిది, నెగడు మసి పట్టి నల్లగా, చెడకుండా ఉండిపోయింది. జాన్ లెట్స్ అనే పురావస్తు వృక్షశాస్త్రజ్ఞుడు 1999లో ఆ మసి గడ్డి మీద ఒక పుస్తకమే వెలువరించాడు. అందులో దొరికినవి మధ్యయుగపు గోధుమ కంకులు, రై గింజలు, ఇప్పుడు బ్రిటన్ చేలల్లో దాదాపు కనుమరుగైన కలుపు మొక్కల విత్తనాలు. ఒక ఏటి పంట మొత్తం, కలుపుతో సహా, కప్పులో నిలవ ఉంది. ఏ రాజు దస్తావేజుల్లోనూ దొరకని లెక్క అది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన కంబైన్ హార్వెస్టర్లు గడ్డిని నలిపేస్తాయి. కొత్త గోధుమ వంగడాలు పొట్టివి. పొడుగు గడ్డి కావాలంటే మారిస్ విడ్జన్ లాంటి పాత రకం వేసి, పాతకాలపు బైండర్ యంత్రంతో కోయాలి. అందుకే చాలామంది ఇంటి యజమానులు ఎక్కువ కాలం మన్నే రెల్లు వైపు మొగ్గుతున్నారు. ఆ రెల్లులో ఎక్కువ భాగం టర్కీ, తూర్పు యూరప్, చైనాల నుంచి ఓడల్లో వస్తుంది. గోధుమ గడ్డి సంప్రదాయం ఉన్న జిల్లాల్లో రక్షిత కట్టడాల అధికారులు దీన్ని ఒప్పుకోరు. యజమాని జేబుకు రెల్లు మేలు కావచ్చు. కానీ పక్క చేలో పండిన గడ్డి ఆ ఊరి కప్పు మీదకు ఎక్కే వరస తెగిపోతే, మిగిలేది వేషం మాత్రమే. ఈ గొడవలో నేను అధికారుల పక్షం.

నిప్పు

గడ్డి కప్పుకు మొగుడు నిప్పు. లండన్ నగరం 1212 అగ్నిప్రమాదం తర్వాత కొత్తగా గడ్డి కప్పులు వేయడం నిషేధించింది. స్ట్రాట్‌ఫర్డ్ 1594, 1595, 1614లలో మూడుసార్లు కాలింది. షేక్‌స్పియర్‌కు కూడా గడ్డి కప్పు తగిన బుద్ధి చెప్పింది. 1613 జూన్ 29న ఆయన నాటక బృందపు గ్లోబ్ థియేటర్‌లో ఎనిమిదో హెన్రీ నాటకం ఆడుతుండగా పేల్చిన ఫిరంగి నుంచి ఎగిరిన నిప్పు గడ్డి కప్పు మీద పడింది. గంట, రెండు గంటల్లో థియేటర్ బూడిద. ప్రాణాలు పోలేదు. ఒకాయన లాగుకు నిప్పంటుకుంటే చేతిలో ఉన్న సీసాలోని బీరు పోసి ఆర్పారని సర్ హెన్రీ వాటన్ ఉత్తరంలో ఉంది. మరుసటి ఏడు మళ్లీ కట్టినప్పుడు పెంకులు వేశారు. 1997లో తెరిచిన నేటి గ్లోబ్‌కు మాత్రం మళ్లీ గడ్డే. 1666 మహా అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో గడ్డి కప్పు వేసుకోనిచ్చిన మొదటి కట్టడం అదేనంటారు. కాకపోతే కొప్పు మీద నీళ్లు చిమ్మే గొట్టాలున్నాయి.

షాటరీ ఇంటికి అంత పనీ అయింది 1969 నవంబరులో. ఎవరో కావాలని నిప్పు పెట్టారు. కప్పు కొంత కాలిపోయింది, మధ్యయుగపు ఓక్ దుంగలు తట్టుకున్నాయి. లావు ఓక్ కర్ర పైన బొగ్గు పొర కట్టుకుని లోపలి కర్రను కాపాడుకుంటుంది. తిరిగి పాత పద్ధతిలోనే కప్పారు.

ఇవాళ గడ్డి కప్పులు కాలడానికి ఎక్కువగా కారణమయ్యేది చిమ్నీ. కట్టెలతో మండే కొత్తరకం స్టవ్‌లను పాత చిమ్నీలకు తగిలిస్తున్నారు. వాటి వేడి పాత పొయ్యి వేడి కంటే చాలా ఎక్కువ. మీద మీద కప్పుతూ పోవడం వల్ల గడ్డి మందం పెరిగి, చిమ్నీ ఇటుకల చుట్టూ ఎక్కువ ఎత్తు దాకా ఆనుకుని ఉంటుంది. నెర్రెలిచ్చిన ఇటుకలోంచి వేడో, చిమ్నీ కొన నుంచి ఎగిరిన నిప్పురవ్వో గడ్డికి తగిలి రాజుకుంటుంది. మంట బయటపడేసరికి ఆలస్యమైపోతుంది. చిమ్నీ కొన కొప్పు కంటే కనీసం 1.8 మీటర్లు ఎత్తుగా ఉండాలని, ఏటా మసి తీయించాలని సలహా ఇస్తారు. హారిసన్ ఊరి ముసలివాళ్లు చిమ్నీని అనుమానించడంలో మరీ తప్పులేదేమో.

ఇంగ్లండ్‌లో ఉన్న మన పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లలో చాలామంది స్ట్రాట్‌ఫర్డ్‌కు ఒక రోజు కేటాయిస్తారు. హెన్లీ స్ట్రీట్‌లో కవి పుట్టిన ఇల్లు చూసి వెనక్కి తిరగకండి. కాలిబాట వెంట మైలు నడిస్తే షాటరీ. తోటలో ఫొటోలు అయ్యాక లోపలికి వెళ్లి, హాలులో పొయ్యి ముందు నిలబడి తల పైకెత్తండి. ఆ దూలాలు లేని కాలంలో నెగడు ఎక్కడుండేదో గైడ్‌ను అడగండి. కుర్చీ గురించి అడగకపోయినా వాళ్లే చెబుతారు. మేడ మీదికి ఎక్కేటప్పుడు మాత్రం తల జాగ్రత్త.